మొగలి మొక్కలపై విచారణ

పక్కనే పారే వాగు తాటిగెడ్డను బాగుచేయడానికి కాలనీలో నలభై మంది ముందుకు వచ్చారు. గెడ్డ కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

అంతకు ముందు దానికి శత్రువులు మాత్రమే ఉండేవారు. వాళ్లతో అది ఎలాగో నెట్టుకొచ్చింది. ఒకరు చెత్త పోసేవారు. ఒకరు పాత ఇల్లు పడగొట్టిన రాళ్లూ రప్పలూ తెచ్చి దొర్లించేవారు. పెళ్లిళ్ల రోజుల్లో ఎంగిలి విస్తళ్లు గుట్టలుగా పడేవి. వానలు పడగానే గెడ్డ కొండ మీంచి దూకి వచ్చి, వీటన్నిటినీ సముద్రానికి అప్పజెప్పి, పనిలో పనిగా కాలనీ వైపు గట్టు కొంచెం కొరుక్కుని పోయేది. అలా ఏటా కొరుకుతూ కొరుకుతూ, నిరుటి వానలకు చివరి వరస ఇళ్ల పెరటి గోడల దాకా వచ్చి ఆగింది.

ఆ వరసలో చివరి ఇల్లు పేడాడ నీలాచలం మాస్టారిది. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. మొదటి నుంచీ మాట తక్కువ. పుష్యమాసంలో భార్య అప్పలనరసమ్మ పోయాక ఆ ఉన్న నాలుగు మాటలూ తగ్గిపోయాయి. పలకరించడానికి వచ్చినవాళ్లు “ఎలగున్నారు మాస్టారూ” అంటే, “బాగానే ఉన్నాను” అనేవారు. ఆ రెండు మాటలతోనే ఎండాకాలం అంతా గడిపేశారు.

అప్పలనరసమ్మది ఉద్దానం వైపు ఇసుక నేలల ఊరు. అక్కడ మొగలి పొదలే కంచెలు, మొగలి ఊడలే గట్లకు మేకులు. గెడ్డ గట్టును తినేస్తోందని కాలనీ అంతా మున్సిపాలిటీని తిడుతూ కూర్చున్న రోజుల్లో, ఆవిడ పుట్టింటి నుంచి మొగలి పిలకలు తెచ్చి, ఖాళీ పెయింటు డబ్బాల్లో నాటి, డాబా మీద వరసగా పేర్చింది.

“వేళ్లు పట్టనీండి, గట్టు మీద పాతీద్దాం. మొగలి పట్టుకున్న మట్టిని యముడొచ్చినా ఇడిపించుకోలేడు” అనేది.

మట్టి విషయంలో ఆవిడ మాట నిజమే కావచ్చు. తక్కిన విషయాల్లో మాత్రం యముణ్ణి కాస్త తక్కువ అంచనా వేసింది.

ఎండలు ముదిరేసరికి డబ్బాల అడుగులు చిట్లి వేళ్లు బయటికి వచ్చాయి. మాస్టారు రోజూ నీళ్లు పోస్తూ వాటిని చూసేవారు. ఆరుద్ర కార్తెలోగా అవి నేలలో పడాలి. పడకపోతే మొక్కలూ ఉండవు, వానలొచ్చాక గట్టూ ఉండదు. ఆయనకు ఇంకో కోరికంటూ ఏమీ లేదు కాబట్టి, ఈ ఒక్కటీ గట్టిగా ఉండిపోయింది.

ఒక ఆదివారం పొద్దున గునపం పట్టుకుని, చెత్త తీసి చోటు చేద్దామని గెడ్డలోకి దిగారు. ఎదురింటి బంగారమ్మ కల్లాపు చల్లుతూ చూసింది. అప్పలనరసమ్మకు ఈవిడ ప్రాణస్నేహితురాలు. కాలనీలో ఎవరింట ఏ కార్యమైనా టీ పెట్టేది ఈవిడే.

“అదేటి మాస్టారూ, ఒక్కరే దిగిపోనారు? పాములుంటాయి, ఎక్కొచ్చీండి!”

మాస్టారు ఎక్కలేదు. బంగారమ్మ ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ‘మన మాస్టారు ఒక్కరే గెడ్డ బాగు సేస్తన్నారు. సిగ్గుండాల మనకి’ అని కింద రాసింది. సాయంత్రానికి నలభై మందికి సిగ్గు కలిగింది.

మరుసటి ఆదివారం నలభై మందీ వచ్చారు. ఒక గంటసేపు నిజంగానే పనిచేశారు. తాటిగెడ్డ చరిత్రలో ఆ గంటకు ప్రత్యేక స్థానం ఉంది. అలాంటిది మళ్లీ రాలేదు.

టీ తాగుతుండగా, సహకార బ్యాంకులో మేనేజరుగా చేసి దిగిన సన్యాసిరావు గారు గ్లాసు కింద పెట్టి, “ఇంతమందిమి ఉన్నాం. కమిటీ అంటూ ఒకటి నేకపోతే ఎలగ?” అన్నారు. ఆ ప్రశ్నకు ఆ కాలనీలో జవాబు ఒక్కటే. అక్కడ వినాయకుడి పందిరికి కమిటీ ఉంది, ఆ కమిటీ తప్పులు పట్టడానికి ఇంకో కమిటీ ఉంది. సన్యాసిరావు గారు అధ్యక్షులయ్యారు. ఈ సంగతి పేపర్లో పడింది. పేపర్లో పడ్డది పట్టణంలోని పెద్ద ఆఫీసు కంట్లో పడింది.

అలా కోదండపాణి గారు జీపు దిగారు. ఆయన జలవనరుల పునరుద్ధరణ ప్రజాభాగస్వామ్య విభాగానికి ప్రత్యేకాధికారి. గెడ్డ వైపు చూడకుండానే, గట్టు మీద వేసిన కుర్చీ ముందు నిలబడి ప్రసంగించారు.

“ప్రజల్లో వెల్లువెత్తుతున్న ఈ స్వచ్ఛంద చైతన్యాన్ని ఒక నిర్దిష్ట చట్రంలోకి ప్రవహింపజేయవలసిన చారిత్రక ఆవశ్యకత ఏర్పడినది. ఇకపై మీలో పనిచేయువారు ‘గెడ్డ మిత్ర’. వారిచేత పనిచేయించువారు ‘సమన్వయకర్త’. ఇందులో మౌలిక సూత్రం ఒక్కటే. పర్యవేక్షించువారు పనిచేయరాదు, పనిచేయువారు పర్యవేక్షించరాదు. రెండూ ఒకరే చేసినచో నిష్పాక్షికత దెబ్బతినును.”

గెడ్డ మిత్రకు రబ్బరు చేతొడుగులు. సమన్వయకర్తకు నీలంరంగు కోటు, మెడలో కార్డు, ఒక ఈల. ఎవరికి ఏది కావాలో వారే ఎంచుకోవచ్చునని ప్రకటించి, స్వచ్ఛంద సేవలో బలవంతం ఉండరాదు గదా అని నవ్వి, కోదండపాణి గారు జీపెక్కారు.

వారం తిరిగేసరికి గట్టు నీలంగా మారింది. తట్టల సమన్వయకర్త, గునపాల సమన్వయకర్త, ఫోటోల సమన్వయకర్త, పాముల సమన్వయకర్త. ఏమీ దొరకని ఒకాయన మిగతా సమన్వయకర్తల సమన్వయకర్త అయ్యారు. బంగారమ్మ కూడా ఊరుకోలేదు.

“టీ పెట్టీది నానే కదేటి? మరి నా కోటేదీ?” అంది.

ఆవిణ్ణి తేనీటి సమన్వయకర్తను చేశారు. అప్పటి నుంచి ఆవిడ టీ పెట్టడం మానేసింది. పర్యవేక్షించేవారు పనిచేయరాదు కదా. స్టవ్వు పక్కన కోటేసుకుని నిలబడి ఈల ఊదేది. టీ మాత్రం సెంటర్లో కొట్టు నుంచి వచ్చేది.

అందరికీ పంచగా మాస్టారు మిగిలారు.

“మీకే పదవి గావాల మాస్టారూ?” అని సన్యాసిరావు గారు ఎంతో మర్యాదగా అడిగారు. “గౌరవ సలహాదారు ఉన్నాది. ముఖ్య సలహాదారు కూడా ఉన్నాది.”

“నాకు గునపం కావాలి” అన్నారు మాస్టారు.

అందరూ నవ్వారు. ఈయనకు ఇంత హాస్యం ఉందని తెలియదన్నారు. అలా తాటిగెడ్డకు ఒకే ఒక్క గెడ్డ మిత్ర ఏర్పడ్డారు.

ఆ ఆదివారం మాస్టారు గునపం ఎత్తగానే ఈల మోగింది. ఆ గునపం ఆయన సొంతమే గానీ, గునపాల సమన్వయకర్త చేతుల మీదుగా రాలేదు. ఇచ్చేసి మళ్లీ పుచ్చుకున్నారు. రెండోసారి ఎత్తగానే ఇంకో ఈల, ఫోటోల సమన్వయకర్తది.

“నీడ పడిపోనాది మాస్టారూ, మళ్లీ ఓపాలి ఎత్తండి. కాస్త నవ్వండి.”

మూడోసారి పాముల సమన్వయకర్త. ఈయన హోమియో డాక్టరు. పొదలో పాము లేదని తాను ధ్రువీకరిస్తే తప్ప పొద ముట్టుకోకూడదన్నాడు.

“అయితే చూడండి” అన్నారు మాస్టారు.

“నేను చూస్తే అది పని కిందికొస్తుందండీ. మీరు చూసి, లేదని నాతో చెప్పండి. నేను లేదని మీకు ధ్రువీకరిస్తాను.”

మాస్టారు పొదలో చెయ్యి పెట్టి కదిపి చూసి, లేదన్నారు. డాక్టరు గారు లేదని ధ్రువీకరించారు. ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ యంత్రాంగం పాఠం చెప్పినవాడు కాబట్టి మాస్టారికి పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. ఆ పాఠాన్ని పిల్లలు పరీక్ష అయిన మర్నాడే ఎందుకు మర్చిపోయేవారో మాత్రం ఇప్పుడు కొంచెం అర్థమైంది.

ఎండెక్కేసరికి ఒక తట్ట చెత్త పైకి వచ్చింది. గెడ్డ మిత్రల హాజరు నూటికి నూరు శాతం అని నివేదిక వెళ్లింది. అలాంటి హాజరు ఇంకెక్కడా లేదని పెద్ద ఆఫీసు నుంచి అభినందన వచ్చింది. దాని వెనకే కష్టం వచ్చింది. గెడ్డకు అవతలి కాలనీ వాళ్లు పళ్లబుట్టతో సన్యాసిరావు గారింటికి వచ్చారు.

“మా దగ్గర సమన్వయకర్తలకి కొదవ నేదండి. ఈలలు గూడా వచ్చీసినాయి. ఎవరి మీద ఊదాలో తెల్దు. వారానికోపాలి మీ మాస్టార్ని డిప్యుటేషన్ మీద పంపితే...”

సన్యాసిరావు గారి మొహం మాడిపోయింది. “అదెలగవుద్దండి? మాకున్నది ఒక్కరు. ఆయనకేటైనా అయితే నలభై కుటుంబాలు ఏటైపోవాల?”

పళ్లబుట్ట వాపసు వెళ్లింది. ఆ రోజు నుంచి మాస్టారి మీద కాపలా మొదలైంది. తట్ట ఎత్తే ముందు ఒకసారి, దించాక ఒకసారి బీపీ చూసేవారు. ఎండలో నిలబడనిచ్చేవారు కాదు, నీడలో పని లేదు. తట్ట సగం కంటే నిండకూడదన్నారు. మాస్టారు తుమ్మితే కాలనీ గ్రూపులో కబురు తిరిగేది. అప్పలనరసమ్మ మంచాన పడ్డప్పుడు ఆసుపత్రికి తోడు రావడానికి వీళ్లలో ఎవరికీ తీరిక దొరకలేదని ఆయనకు గుర్తొచ్చింది.

కార్తె దగ్గర పడింది. మాస్టారు సమితి సమావేశంలో లేచి నిలబడి మొగలి మాట ఎత్తారు. గట్టు మీద నాటడానికి మొక్కలు సిద్ధంగా ఉన్నాయన్నారు.

“మొగలా? పాములొస్తాయి” అన్నాడు డాక్టరు.

“పాములొస్తే మీకు పని దొరుకుతాది కదా డాట్రు బాబూ” అంది బంగారమ్మ.

“శివుడికి పనికిరాని పువ్వండి అది” అన్నారు ఇంకొకరు.

“గెడ్డకు పనికొస్తుంది” అన్నారు మాస్టారు.

ఆ రోజు కోదండపాణి గారు వచ్చి ఉన్నారు. కళ్లు సగం మూసి, చేతివేళ్లు జోడించి విన్నారు.

“మొగలి అనునది ఆమోదిత జాతుల అనుబంధమునందు పొందుపరచబడి లేదు. అయినను మీ భావోద్వేగాన్ని విభాగం గౌరవించుచున్నది. ప్రతిపాదన పంపండి. వర్షాకాలానంతర సమీక్షలో సానుకూలంగా పరిశీలించబడును.”

“వర్షాకాలం తర్వాత గట్టు ఉండదండి.”

“గట్టు లేని పక్షంలో సమీక్ష మరింత సులభతరమగును.”

మాస్టారు కూర్చున్నారు. ఆ సాయంత్రం డాబా మీదికి వెళ్లి చూస్తే ఒక డబ్బా నిలువునా చీలిపోయి ఉంది. వేళ్లు గచ్చు మీద పాకుతూ, ఎక్కడా మట్టి దొరక్క, గోడ అంచు దాకా వెళ్లి ఆగాయి.

ఇంతలో పిడుగులాంటి సన్మానం వచ్చింది. నూరు శాతం హాజరు సాధించినందుకు మాస్టారిని ముఖ్య సమన్వయకర్తగా నియమిస్తున్నట్టు విభాగం ప్రకటించింది. వేదిక కట్టారు. ఫ్లెక్సీలో మాస్టారి ఫోటో కంటే సన్యాసిరావు గారి ఫోటో కొంచెం పెద్దదిగా పడింది. శాలువా కప్పారు. శాలువా మీద నీలం కోటు తొడిగారు. మెడలో ఈల వేలాడదీశారు. నలభై మంది సమన్వయకర్తలూ ఆనందంతో ఈలలు వేశారు గానీ, వాళ్ల మొహాల్లో ఏదో దిగులు. ఇకపై ఈల ఎవరి మీద వేయాలన్నదే ఆ దిగులు.

“రెండు మాటలు మాట్లాడండి” అని మైకు అందించారు.

మాస్టారు మైకు పుచ్చుకుని కోదండపాణి గారి వైపు తిరిగారు.

“చిన్న సందేహమండి. ఇకమీదట నేను మట్టి ముట్టుకోవచ్చా?”

“ససేమిరా కూడదు. మీరు ఆ స్థాయి దాటితిరి.”

“గెడ్డ మిత్రగానే ఉండిపోతే, మొగలి నాటొచ్చా?”

“అనుమతి లేనిదే నాటరాదు.”

“ఈ రెండూ కానివాడు నాటితే?”

“రెండూ కానివారికి మన నిబంధనలు వర్తించవు. అయితే ఒకసారి నమోదైనవారు మన కుటుంబ సభ్యులే. క్రమశిక్షణ చర్యకు గురై తొలగింపబడితే తప్ప బయటికి పోజాలరు.”

“ఏ తప్పు చేస్తే తొలగిస్తారండి?”

కోదండపాణి గారు ముచ్చటపడ్డారు. ఇంత శ్రద్ధగా నిబంధనలు అడిగినవారు ఆయన ఉద్యోగంలో తగల్లేదు. “మీవంటి వారికి ఆ దుస్థితి రాదు లెండి. ఉదాహరణకు, ఆమోదం లేని జాతిని ఆమోదం లేని చోట నాటుట.”

“సంతోషమండి” అన్నారు మాస్టారు. మైకు ఇచ్చేసి కూర్చున్నారు. చాలా క్లుప్తంగా, హుందాగా మాట్లాడారని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు తెల్లారగానే ఆయన కోటు విప్పి కొక్కేనికి తగిలించి, మొగలి డబ్బాలు ఒక్కొక్కటే గట్టు మీదికి దించారు. మొదటి గుంట తవ్వేసరికి బంగారమ్మ చూసింది. అలవాటు కొద్దీ ఈల వేసింది. ఆ ఈలకు ఇంకో ఈల, దానికి ఇంకోటి. కాసేపటికి నలభై మందీ గట్టు మీద వరసగా నిలబడి, రైలు వచ్చినట్టు ఊదుతున్నారు.

“ఆపండి మాస్టారూ!” అన్నారు సన్యాసిరావు గారు ఊపిరి తీసుకుని. “మీకు దండం పెడతాను, ఆపీండి!”

“మీరే వచ్చి పీకెయ్యండి” అన్నారు మాస్టారు మట్టి కప్పుతూ.

సన్యాసిరావు గారు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయారు. “పీకడం పని కిందికొస్తాది కదేటండి” అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజానికి ఆ పూట అందరూ నిబంధన తప్పకుండా నడుచుకున్నారు, ఒక్క మాస్టారు తప్ప.

ముళ్ల ఆకులు చేతులకు గీరుకుంటున్నా ఆయన ఒక్కటీ వదల్లేదు. నలభై ఈలల నడుమ, డాబా మీద ఉన్న వరసలోనే, ఆవిడ పేర్చిన వరసలోనే నాటుకుంటూ పోయారు. అంతా అయిందనుకుని నడుం పట్టుకుని లేస్తుంటే బంగారమ్మ నోట్లోంచి ఈల తీసింది.

“డాబా మీద గోడ మూల డబ్బా మర్చిపోనారు మాస్టారూ” అని చెప్పి, మళ్లీ నోట్లో పెట్టుకుని ఊదింది.

రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. మాస్టారు తొలగింపబడ్డారు. కోటు, కార్డు, ఈల వాపసు తీసుకున్నారు. మొక్కలు పీకించాలని సన్యాసిరావు గారు అడిగితే, కోదండపాణి గారు అదిరిపడ్డారు.

“ఎంతమాట! అవి సాక్ష్యాధారములు. విచారణ ముగియువరకు యథాతథ స్థితిలో ఉండవలెను. ఒక్కటి ఎండినా సాక్ష్యం నాశనం చేసిన నేరం సమితిపై పడును.”

దాంతో మొగలికి కంచె పడింది. సాక్ష్యం ఎండకుండా వంతులవారీగా నీళ్లు పోయడం మొదలుపెట్టారు. ఇది పని కాదు, భద్రత అని విభాగం స్పష్టం చేసింది కాబట్టి నలభై మందీ బిందెలు పట్టారు. ఆ పక్క ఎవరూ చెత్త వేయకుండా చూశారు. గేదె మూతి పెడితే తరిమారు. సమితి ఏర్పడ్డాక గెడ్డ గట్టు మీద నలభై మందీ చెమటలు పట్టేలా కష్టపడటం అదే మొదలు.

విచారణ గట్టు మీదే జరిగింది. కుర్చీ, బల్ల, ఒక గుమాస్తా, ఒక బంట్రోతు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డారు.

“ఇవి నాటినది మీరేనా?” అన్నారు కోదండపాణి గారు.

“నేనే.”

“ఎవరివి ఈ మొక్కలు?”

“మా ఇంటావిడవి.”

“నాటవలెనన్న ప్రేరేపణ?”

“ఆవిడదే.”

“అటులైన ప్రధాన నిందితురాలు ఆవిడ. మీరు రెండవవారు. పేరు?”

“పేడాడ అప్పలనరసమ్మ.”

“పిలిపించండి.”

ముందు బంగారమ్మే తేరుకుంది.

“ఏటి బాబూ ఆ మాట? మా నరసమ్మ పోయి ఆర్నెల్లు దాటిపోనాది!”

కోదండపాణి గారు లేచి నిలబడ్డారు. విభాగం తరఫున ప్రగాఢ సానుభూతి తెలియజేశారు. తల వంచుకుని కొంతసేపు మౌనం పాటించారు. తర్వాత కూర్చుని నిబంధనలు తిరగేశారు.

“ప్రధాన నిందితుల వాంగ్మూలం లేనిదే విచారణ ముగించరాదు. వారు హాజరగువరకు వాయిదా వేయవలెనని మాత్రమే ఉన్నది. మరణించిన పక్షంలో ఏమి చేయవలెనో ఇందులో లేదు.”

“అంటే ఏం చేస్తారండి?” అని అడిగారు మాస్టారు.

“చేయుటకేమున్నది? ఎదురుచూచెదము.”

మాస్టారితో మర్చిపోండి అన్నవాళ్లున్నారు, గుండె దిటవు చేసుకోండి అన్నవాళ్లున్నారు, గుళ్లకు తిరిగి రండి అన్నవాళ్లున్నారు. ఆర్నెల్లలో ఈ మాట అన్నవారు ఈయనొక్కరే.

“మంచిదండి. నేనూ అదే చేస్తున్నాను” అన్నారు మాస్టారు.

ఆ ఏడు వానలకు గెడ్డ ఎప్పటిలాగే దూకి వచ్చింది. గట్టును కొరికింది గానీ మింగలేకపోయింది. మరుసటి ఏడు కొరకడం కూడా కష్టమైంది. మొగలి ఊడలు దించి మట్టిని పిడికిట్లో పట్టేసింది. కోదండపాణి గారు బదిలీ మీద వెళ్లిపోయారు. ఆయన స్థానంలో ఒకరు, వారి స్థానంలో మరొకరు వచ్చారు. సమితిలో కోట్లు వెలిసిపోయాయి. విచారణ మాత్రం వాయిదా తప్పలేదు. ప్రతి వాయిదాకూ మాస్టారు ఇస్త్రీ చొక్కాతో వస్తారు. బంట్రోతు కంచె దగ్గర నిలబడి, గెడ్డ అవతలి ఒడ్డుకు వినబడేలా మూడుసార్లు పిలుస్తాడు.

“పేడాడ అప్పలనరసమ్మా! హాజర్!”

మాస్టారి ఇంట్లో ఆ పేరు పైకి అనేవారు లేరు. ఇక్కడ ప్రభుత్వమే మనిషిని పెట్టి పిలిపిస్తోంది. ఆయన తల కొంచెం వంచి మూడు పిలుపులూ విని, వాయిదా తేదీ తెలుసుకుని, మొక్కల చుట్టూ ఒకసారి తిరిగి ఇంటికి వెళ్తారు.

ఈ శ్రావణంలో వచ్చిన వాయిదా రోజున వాన వెలిసి ఎండ కాస్తోంది. కొత్త అధికారి బల్ల ముందు కూర్చున్నారు. బంట్రోతు ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచేసరికి గెడ్డ మీంచి గాలి తిరిగింది. ఆ గాలితో పాటు, తియ్యగా, ఘాటుగా, గట్టు పొడుగునా ఒక వాసన లేచింది. అధికారి తల పైకెత్తారు. గుమాస్తా కలం ఆపాడు. కంచె లోపల, ముళ్ల ఆకుల మధ్య, లేత పసుపు రంగు మొగలి పొత్తి ఒకటి విచ్చుకుని ఉంది.

బంగారమ్మ మాస్టారి పక్కకు వచ్చి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“వచ్చీసినాది మాస్టారూ” అంది.

మాస్టారు గుమాస్తా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

“గట్టిగా అనకమ్మా. హాజరు వేసేస్తారు.”